నెమళ్ళ మామ్మగారి రెండో స్నానం

ఏదీ, ఇటు తే ఆ ఫోటో. ఆ కళ్ళజోడు కూడా అందుకో, అదే, మైక్రోవేవ్ మీద పెట్టాను. ఊఁ, మామ్మగారే. మీ భీమశంకర్ తాతగారి అమ్మ, అనంతలక్ష్మిగారు. వెనకాల కనిపిస్తున్నది డబ్లిన్ ఇంట్లో షెడ్డు. ఈ మూల నీలంగా ఉందే, అది చీర కొంగు కాదు, మగనెమలి మెడ. ఫోటో తీసేవాళ్ళకి అదెప్పుడూ సగమే దొరికేది. ఏమన్నావూ? మీ నానమ్మ చెప్పిందా? రోజుకి రెండుసార్లు తలస్నానం చేసేవారని, అంత చాదస్తమని? గౌరి చెప్పిందంటే అబద్ధం కాదులే. రెండుసార్లు చేసిన మాట నిజమే. అదీ వస్తుంది గానీ, ముందు ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో విద్యా. నువ్వలా ఎదురుగా నుంచుంటే నాకు మాట సాగదు.

ఇప్పుడు మన కాలిఫోర్నియాలో డబ్లిన్ అంటే అన్నీ మనవాళ్ళ ఇళ్ళే. అప్పుడు అక్కడేముందనీ, కొండలు, ఎండిన గడ్డి, ఆవులు. మీ తాతగారు డెబ్భై తొమ్మిదిలో కొన్నారా ఇల్లు, చుట్టూ రెండెకరాలతో. అమ్మినాయన పోర్చుగీసు ముసలాయన. కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ మంచాలు తీసుకుపోయాడు, ట్రాక్టర్ తీసుకుపోయాడు, నెమళ్ళని మటుకు వదిలేశాడు. పట్టుకోడం చేతకాక వదిలేశాడని మీ తాతగారు అనేవారు. ఒక మగది, మూడు పెట్టలు. చీకటి పడితే యూకలిప్టస్ చెట్టెక్కి పడుకునేవి. తెల్లవారకుండానే కప్పు మీదకి దిగి అరుపులు. నువ్వెప్పుడైనా విన్నావా నెమలి అరుపు? ఎవరో ఆడమనిషి పీక నులుముతున్నట్టే ఉంటుంది. రోడ్డు దిగువన కొత్తగా చేరినవాళ్ళెవరో పోలీసులకి ఫోన్ చేస్తే, ఒక పోలీసతను వచ్చి మామ్మగారిని పక్కకి పిలిచి, "మామ్, ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని హర్ట్ చేస్తున్నారా?" అని అడిగాట్ట. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కప్పు వైపు చెయ్యి చూపించారు. అదీ సమయానికి అరిచింది పాపం. అతను నవ్వీ నవ్వీ, కూతురికి చూపిస్తానని ఒక ఈక అడిగి పట్టుకుపోయాడు.

మీ తాతగారికి అవంటే ఒళ్ళుమంట. మరి ఆయన ఎనస్థీషియా డాక్టరు. పగలంతా ఊళ్ళోవాళ్ళని నిద్రపుచ్చి ఇంటికొస్తే, ఈయన్ని ఇవి నిద్రపోనివ్వవు. పైగా కొత్త కారు కొన్నారు, నల్లది, అద్దంలా ఉండేది. మగనెమలి దాని డోర్‌లో తన నీడ చూసుకుని ఇంకో మగది వచ్చిందనుకుని పొడిచి పొడిచి పెట్టింది. ఎవరికైనా ఇచ్చేద్దామని పేపర్లో యాడ్ కూడా వేద్దామనుకున్నారు. ఈలోగా ఎనభైలో మామ్మగారు దిగారు. ఇంకేముంది. "సుబ్రహ్మణ్యస్వామి వాహనంరా శంకరం. వాటంతట అవి మన గుమ్మంలోకొస్తే వెళ్ళగొడతావా? కారుకి గుడ్డ కప్పుకో" అన్నారు. అంతే. చచ్చినట్టు కప్పుకున్నారు.

ఆవిడ మాటంటే అలా ఉండేది. అప్పటికి మనకి దగ్గర్లో గుడి లేదు, పంతులుగారు లేరు. ఈస్ట్ బేలో ఉన్న పది పదిహేను తెలుగు ఇళ్ళకి పంచాంగమంటే ఆవిడే. గ్రహణం ఎప్పుడు పట్టేదీ, ఏ తిథికి ఏం వండేదీ, అన్నీ ఫోన్ చేసి అడిగేవాళ్ళం. ఒకసారి ఎవరో అడిగారు, "మామ్మగారూ, ఇక్కడి చీజ్‌లో దూడ కడుపులోంచి తీసింది ఏదో కలుపుతారట, తినొచ్చా?" అని. ఆవిడ వద్దన్నారు. ఇక చూసుకో, మా ఇళ్ళలో పిజ్జాలు బంద్. మగాళ్ళంతా ఆఫీసుల్లో దొంగచాటుగా తిని, ఇంటికొచ్చి ఆకలి లేదనేవాళ్ళు. మా ఆయన రామమోహన్ అయితే ఇంకా తిన్నగా, "డబ్లిన్ నుంచి జీవో వచ్చిందా?" అని అడిగేవారు. కానీ మూర్ఖత్వం లేదమ్మా ఆవిడకి, అది చెప్పాలి. మగనెమలి కన్నీళ్ళు తాగితే పెట్టకి కడుపొస్తుందని వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. మాకూ అదే చెప్పారు. వచ్చిన మొదటి వసంతం కిటికీ దగ్గర కాఫీ గ్లాసుతో కూర్చుని చూశారు కదా, మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, "అదంతా ఒట్టిదే జయంతీ, మనుషుల్లాగే" అని తేల్చేశారు. కళ్ళతో చూసింది ఒప్పుకోడానికి ఆవిడకి నిమిషం పట్టేది కాదు. ఇది గుర్తుపెట్టుకో.

నా సంగతి చెప్పాలి మరి, అది లేకపోతే ఇది తెలియదు. నేనూ ఎనభైలోనే వచ్చాను, ఫ్రీమాంట్‌లో అపార్ట్‌మెంట్. నాది డిపెండెంట్ వీసా, పని చెయ్యడానికి లేదు. ఎనభై రెండులో మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. ఆసుపత్రిలో ఒక నర్సు నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది, అదొక్కటే గుర్తు. ఇంటికొచ్చాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే నాకు బాధని వాళ్ళ ఉద్దేశం. ఎత్తకపోతేనే నాకు బాధ. మామ్మగారు ఒక్కరే వచ్చి, పక్కన కూర్చుని, "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగారు. ఆడపిల్ల అన్నాను. "పేరేమనుకున్నావు?" అన్నారు. చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

మళ్ళీ ఎనభై మూడులో నెల తప్పింది. మామ్మగారికి చెప్పగానే, "రోజూ వచ్చి స్వామి వాహనానికి మేత వెయ్యి. మంగళవారాలు ఉల్లీ వెల్లుల్లీ మానెయ్యి. కడుపు నిలిస్తే పిల్లని తెచ్చి షష్ఠినాడు ఇక్కడే పాలు పోద్దువుగాని" అన్నారు. మా డాట్సన్ ఒకటుండేది, ఏసీ లేదు, రేడియో లేదు. మా ఆయన ఆఫీసుకి వాళ్ళతో వీళ్ళతో వెళ్ళిపోయేవారు. నేనా కారేసుకుని 680 ఫ్రీవే ఎక్కి, కుడి లేన్ వదలకుండా, ట్రక్కులన్నీ హారన్లు కొడుతుంటే "సుబ్రహ్మణ్యా సుబ్రహ్మణ్యా" అనుకుంటూ వెళ్ళేదాన్ని. నవ్వకు, అలాగే వెళ్ళేదాన్ని. మేత డబ్బా చప్పుడు చేసేసరికి పెట్టలు మూడూ పరుగెత్తుకొచ్చేవి. మగది రాదు, దాని దర్జా దానిది. మనం వెళ్ళిపోయాక వచ్చి తినేది.

ఇంక నెమలిపిల్లల సంగతి. ఆ పెట్టలు గడ్డిలో ఎక్కడబడితే అక్కడ గుడ్లు పెట్టి, వాటి మానాన అవి పోయేవి. రాత్రుళ్ళు రకూన్లు, అడవిపిల్లుల్లాంటివి, వచ్చి తినేసేవి. అందుకని అంతకు ముందేడే మామ్మగారొక పని చేశారు. పక్కనే ఆవుల రాంచ్ ఉన్నావిడ దగ్గర్నించి పొదుగు మీదున్న కోడిని తెప్పించారు. ఆలోచించు, గుడ్డు అన్న మాట నోటితో అనడానికి ఇష్టపడని మనిషి, "అదీ" అనేవారు, ఆ మనిషి కోడిని తెచ్చి షెడ్డులో గంప కింద పెట్టి, గిన్నెలు తోముకునే పసుపుపచ్చ గ్లవ్స్ తొడుక్కుని, నెమలి గుడ్లు ఏరి దాని కింద పొదుగు వేశారు. కోడి గుడ్లయితే మూడు వారాలు, నెమలివైతే ఇంకో వారం పడుతుంది. ఆ చివరి వారం కోడికి విసుగొచ్చి లేచిపోతుందేమోనని ఆవిడ రోజూ వెళ్ళి దానితో కబుర్లు. "ఇంకాస్త ఓర్చుకోవే తల్లీ, నీ పిల్లలు కాకపోయినా పుణ్యముంటుంది" అని. అది కూర్చుంది. పిల్లలు లేచాయి. లేచినవి లేచినట్టే నాలుగు రోజులు తిరిగి, రెక్కలు వేలాడేసి, కాళ్ళు చాపేసి, అన్నీ పోయాయి. ఒక్కటి మిగల్లేదు ఆ ఏడు.

ఎందుకు పోయాయంటే ఎవరికీ తెలీదు. మేత కొట్టువాడు చిన్నపిల్లలకని ఒక బస్తా ఇచ్చాడు. మామ్మగారు మీ తాతగారి చేత దానిమీద రాసింది చదివించారు. ఆయన చదువుతూ చదువుతూ చేపల పొడి అన్నారో లేదో, ఆవిడ లేచి బస్తా కాలితో గుమ్మం బయటికి జరిపేశారు. "స్వామి వాహనం నా గుమ్మంలో చేప తినడమేమిటి?" అన్నారు. మరేం పెట్టారంటావు? పెసరపప్పు పులగం. మెత్తగా, కాస్త నెయ్యేసి. చంటిపిల్లకి అన్నప్రాశన చేసినట్టు. పెద్ద నెమళ్ళు ఆవిడ వేసే బియ్యం, పప్పే తిని అంత బాగున్నాయి కదా అని ఆవిడ లెక్క. అవి పగలంతా కొండల్లో తిరిగి ఏమేం తినొచ్చేవో మనకేం తెలుసు. ఈ పిల్లలు రకూన్ల భయానికి షెడ్డులో తలుపు వేసి ఉండేవి, వాటికి పులగం తప్ప దిక్కు లేదు.

ఎనభై మూడులోనూ అదే వరస. కోడి వచ్చింది, ఐదు పిల్లలు లేచాయి. నాకు అప్పుడు నాలుగు వెళ్ళి ఐదు. ఆ ఐదో నెలంటే నాకు గుండెల్లో రాయి. పైగా నాకు వేవిళ్ళు తగ్గలేదు. పాలు ఇమడవు, పప్పు ఇమడదు, పెరుగన్నం ఒక్కటి, అదీ సగం సార్లు బయటికే. బరువు పెరగాల్సింది పోయి తగ్గాను. డాక్టరమ్మ అమెరికన్, మంచి మనిషే, కోపంగా కాదు గానీ ఖచ్చితంగా చెప్పింది. "బేబీ పెరగడం లేదు జయంతీ. ఎగ్స్ తిను, ఏదో ఒక ప్రోటీన్ లోపలికి పోవాలి" అని. మా ఆయన ఆ సాయంత్రమే డజను గుడ్లు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, "నీ ఇష్టం" అని టీవీ ముందు కూర్చున్నారు. నీ ఇష్టం. దానంత కష్టమైన మాట ఇంకోటి లేదు తెలుసా? మొక్కులో ఉన్నాను. తిని, పిల్ల పోతే తిన్నందుకు పోయిందనుకుంటాను. తినక పోతే తిననందుకు పోయిందనుకుంటాను. ఎవర్నడగను? అన్నీ అడిగేది మామ్మగారిని. ఈ మాట ఆవిడనే ఎలా అడుగుతాను? పది రోజులు ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా కళ్ళు మూసుకుని తీసేదాన్ని.

ఈలోగా షెడ్డులో ఒక పిల్ల పోయింది. రెండోది పోయింది. మూడోది నా చేతిలోనే పోయింది, పులగం తినిపిస్తుంటే. నేనక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. నెమలిపిల్ల కోసం కాదులే. నా మనసులో ఇవి నిలిస్తే నాది నిలుస్తుందని ఎప్పుడు పెట్టుకున్నానో పెట్టేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మామ్మగారు కనిపెట్టారనుకుంటాను. నన్ను లేపి బయట గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, తనూ కూర్చున్నారు. ఎదురుగా గడ్డిలో ఒక పెట్ట తిరుగుతోంది. అది ఎక్కడ దాచుకుని పొదిగిందో గానీ దానికొక పిల్ల ఉంది, షెడ్డులో వాటికంటే రెండింతలుంది, ఠీవిగా పరుగెడుతోంది. ఆ పెట్ట ఒక మిడతని పట్టి పిల్ల ముందు వేసింది. మింగింది. ఇంకో మిడత. తరవాత రాయి సందులోంచి బల్లిని లాగింది, ఇంత పొడుగుది, గిలగిల కొట్టుకుంటోంది. దాన్ని ముక్కుతో చీల్చి ముక్కలు పిల్లకి పెట్టింది.

మామ్మగారు కదలకుండా చూశారు. తరవాత నెమ్మదిగా అన్నారూ, "పాముల్ని తినే జాతికి పులగం పెట్టానే జయంతీ. భక్తి కాదది. బుద్ధి తక్కువ." అని లేచి కొంగు దోపుకుని, "అదీ... గుడ్డు ఉడికించి చిదిపి పెడితే తింటాయని ఆ రాంచ్ ఆవిడ శంకరంతో అందట నిరుడు. వాడు నాకు చెప్పి తిట్లు తిన్నాడు. ఎక్కడ అమ్ముతారవి?" అన్నారు. నా నోటివెంట వచ్చేసింది, "మా ఫ్రిజ్‌లో ఉన్నాయి మామ్మగారూ" అని. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగారు. "మీ ఇంట్లో ఎందుకున్నాయి?" అన్నారు. ఇంక దాచడానికి ఓపిక లేక డాక్టరమ్మ మాట మొత్తం చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "రేపు తీసుకురా" అన్నారంతే.

మర్నాడు తీసుకెళ్ళాను, పెట్టె ఒళ్ళో పెట్టుకుని డ్రైవింగ్. షెడ్డులో ఒక కరెంటు పొయ్యి, పాత గిన్నె పెట్టి ఉంచారు. ఆ గిన్నె ఇంట్లోకి రావడానికి వీల్లేదు. సరే, నీళ్ళు పోశాం, గుడ్లు వేశాం. "ఎంతసేపు ఉడకాలి?" అన్నారావిడ. నాకేం తెలుసు? ఇద్దరం ఇద్దరమే. బంగాళాదుంపంత ఉంది కదా, దానికెంతో దీనికంతే అనుకుని అరగంట పైన ఉడికించాం. పెంకులు పగిలాయి, లోపల పచ్చసొన ఆకుపచ్చగా తిరిగింది. గ్లవ్స్‌తో పెంకు ఊడి రావడం లేదు. మామ్మగారు ఒక నిమిషం చూసి, గ్లవ్స్ తీసేసి అవతల పారేసి, ఉత్త చేతులతో ఒలిచారు. ఆ చేతులు నాకిప్పటికీ కళ్ళకి కడతాయి. మడి కట్టుకుని నైవేద్యం వండే చేతులు. చిదిపి పిల్లల ముందు పెట్టారు. మిగిలిన రెండింట్లో ఒకటి అప్పటికే కళ్ళు మూసి వేలాడిపోయింది, అది కూడా తల ఎత్తి, ముక్కుతో ఒక్క పొడుపు పొడిచింది. ఇంకోటి. తరవాత రెండూ గిన్నె మీద పడ్డాయి. వారం తిరిగేసరికి రెక్కలు మడిచి నిలబడ్డాయి. ఆ రెండూ దక్కాయి.

ఇంకా అయిపోలేదు, ఉండు. ఆ వారంలోనే ఒకరోజు నేను వెళ్ళేసరికి షెడ్డులోంచి ఇంగువ వాసన. మామ్మగారు మేత బకెట్ బోర్లించి, "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. చేతిలో ఒక చిన్న ప్లేటు పెట్టారు. గుడ్డే. కానీ ఆవిడకి గుడ్డు వండటం ఏం తెలుసు? నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంత ఇంగువ వేసి పోపు పెట్టి, అందులో చిదిపిన గుడ్డు వేసి, మిరియాలపొడి, కొత్తిమీర జల్లారు. అరటికాయ కూరలాగా. "మామ్మగారూ, మొక్కు..." అన్నాను. "స్వామి వాహనానికి పెట్టగా మిగిలింది నీకు పెడుతున్నాను. ప్రసాదమనుకో. తప్పుంటే స్వామి నన్నడుగుతాడులే, నిన్నడగడు" అని, నాకు వీపు పెట్టి గుమ్మంలో కూర్చున్నారు, ఎవరైనా వస్తారేమోనని కాపలా. తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. ఇమిడింది విద్యా. నాలుగు నెలల్లో మొదటిసారి ఒక ముద్ద లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. బహుశా ఆ ఇంగువకే ఇమిడిందేమో. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "నోరు పుక్కిలించుకుని లోపలికి రా, మజ్జిగిస్తాను" అన్నారు.

అప్పట్నించి రోజూ. కానుపయ్యేదాకా రోజూ. అంతకు ముందు ఆవిడ కూడా అందరిలాగే పొద్దున్న ఒక్క స్నానమే. నాకది వండి పెట్టి, ఒలిచిన చేతులతో ఇంట్లోకి అడుగుపెట్టకుండా, వెనక పంపు దగ్గరే తల మీంచి నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో లోపలికి వెళ్ళి మళ్ళీ దీపం పెట్టుకునేవారు. అక్టోబరు చలిలో కూడా. "ఈ మధ్య అత్తగారికి చాదస్తం ముదిరింది జయంతీ, రెండోసారి తల తడుపుకుంటోంది, చెబితే వినదు" అని మీ నానమ్మ నాతోనే అనేది. నేనేమంటాను? ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అటు ఆచారం విడిచిపెట్టలేదు, ఇటు నన్నూ విడిచిపెట్టలేదు. మధ్యలో ఉన్నదంతా చన్నీళ్ళతో కడుక్కున్నారు. ఎనభై ఏడులో పోయారు. నెమళ్ళని లివర్‌మోర్ దగ్గర ఎవరో రాంచ్‌వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు, అప్పటికి పిల్లలూ పెద్దలూ కలిపి బండి నిండా ఉన్నాయి. ఇక్కడందరూ ఆవిణ్ణి తలుచుకుంటే మడి, ఆచారం, చీజ్ అని నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను వాళ్ళతో. కానీ నువ్వు ఆవిడ మునిమనవరాలివి. నువ్వు ఆ స్నానాల మాట అని నవ్వుతూ ఉంటే... అవి నా కోసం చేసినవి తల్లీ.

అదిగో, గరాజ్ తలుపు. రేణు వచ్చినట్టుంది. అదేలే, ఆ నవంబరులో పుట్టింది ఇదే. ఏడు పౌండ్లు. ఇప్పుడు చూడు, ఆ మెట్లెక్కితే ఇల్లదురుతుంది. దానికి గుడ్డు అంటే ఇంగువ పోపు పెట్టిందే, కాలేజీకెళ్ళి హాస్టల్లో తినేదాకా లోకమంతా అలాగే వండుతారనుకుంది. నువ్వూ ఇక్కడే తినేసి వెళ్ళు. ఆ కరివేపాకు ఇలా అందుకో.